ఒహాయో హైస్కూల్ ఫుట్‌బాల్‌లో ప్రైవేట్, పబ్లిక్ జట్లని ఒకే డివిజన్‌లో ఆడించడం న్యాయమేనా? ఒక కిక్కర్ తండ్రి జవాబు

మీరు అడిగింది ఇదీ: "మా అబ్బాయి పబ్లిక్ స్కూల్ (అంటే గవర్నమెంట్ బడి) జట్టులో ఆడుతున్నాడు. ప్లేఆఫ్స్‌లో ఒక క్యాథలిక్ స్కూల్ చేతిలో చిత్తుగా ఓడిపోయారు. వాళ్లు ఎక్కడి పిల్లల్నయినా తెచ్చుకోవచ్చు, మనకి ఊళ్లో పిల్లలే దిక్కు. ఇద్దర్నీ ఒకే డివిజన్‌లో ఎలా పెడతారు? విడగొట్టేస్తే పోదా?"

మీ ప్రశ్న చదవగానే 2022 నవంబర్‌లో నా మొహం ఎలా ఉందో గుర్తొచ్చింది. అప్పుడు నేనూ అచ్చం ఇదే మాట అరిచాను, అదీ స్టాండ్స్‌లో నిలబడి, తెలుగులో. ఇప్పుడు మాత్రం విడగొట్టడం మందు కాదంటాను. అలాగని ఇప్పుడున్న పద్ధతి న్యాయంగా ఉందనీ అనను. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు మా సంగతి. మేం కొలంబస్ శివార్లలో ఉంటాం. మా వాడు చిన్నప్పటి నుంచీ సాకర్ పిచ్చోడు. తొమ్మిదో తరగతిలో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ వాడు బంతి తన్నడం చూసి, కిక్కర్‌గా రమ్మన్నాడు. కిక్కర్ అంటే మీకు తెలుసుగా, బంతిని కాలితో తన్నడమొక్కటే పని, మ్యాచ్ మొత్తంలో మైదానంలోకి వెళ్లేది ఏ పదిసార్లో. మిగతా సేపంతా సైడ్‌లైన్‌లో వలలోకి తన్నుకుంటూ కూర్చోవడమే. "వీడు ఆడేది పది నిమిషాలు, నేను ఉతికేది వారమంతా" అని మా ఆవిడ సణుగుడు. అయినా నాలుగేళ్లలో ఒక్క శుక్రవారం కూడా మానలేదు ఆవిడ.

మా స్కూల్ డివిజన్ టూలో ఉండేది. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో మాకు తగిలింది ఒక ప్రైవేట్ స్కూల్. పేరెందుకులెండి. వాళ్ల బస్సులు మూడు వచ్చాయి. దిగుతుంటే లెక్కపెట్టాను, ఎనభై దాటాక వదిలేశాను. మావాళ్లు యాభై మందికి కాస్త అటూ ఇటూ. అయినా తేడా తెలిసింది మొదటి సగంలో కాదు. హాఫ్ టైమ్‌కి ఏడు పాయింట్లే వెనకబడ్డాం. మా జట్టులో దాడి వైపు సెంటర్‌గా ఆడే కుర్రాడు డిఫెన్స్‌లోనూ ఆడాలి, వాడి స్థానంలో దించడానికి ఇంకొకడు లేడు. ఇలా రెండు వైపులా ఆడేవాళ్లు మాకు అయిదుగురు. మూడో క్వార్టర్ మధ్యలో వాడు కూలబడ్డాడు, పిక్కలు పట్టేశాయి. ట్రైనర్ పరిగెత్తుకెళ్లి చిన్న సీసాలో దోసకాయ ఊరగాయ నీళ్లు తాగించింది. ఇక్కడ పిక్కలు పట్టేస్తే వాళ్ల మందు అదే. "ఆవకాయ ఊట పోస్తే లేచి పరిగెత్తేవాడు" అంది మా ఆవిడ. నవ్వొచ్చే పరిస్థితి కాదు గానీ నవ్వాం. అవతల వాళ్ల డిఫెన్స్ లైన్‌లో నలుగురు బయటికి పోతే నలుగురు తాజాగా లోపలికొస్తున్నారు. చివరికి 31 పాయింట్ల తేడా.

ఇంటికొచ్చే దారంతా నేనే మాట్లాడాను. ఇదేం న్యాయం, వీళ్లకి వేరే పోటీలు పెట్టాలి, అదీ ఇదీ. వెనక సీట్లోంచి మావాడు ఒక్క మాటన్నాడు: "నాన్నా, మన లెక్కలో కూడా ఎక్స్‌ట్రా ఉంది. అందులో నేనూ ఉన్నా."

అప్పుడు నాకర్థం కాలేదు. తర్వాత తెలుసుకున్నది ఇదీ.

ఒహాయోలో ఫుట్‌బాల్‌కి 7 డివిజన్లు. 9, 10, 11 తరగతుల్లో మగపిల్లలు ఎంతమందో రాష్ట్రం లెక్కల్లోంచి తీసి, ఆ అంకె ప్రకారం స్కూళ్లని వరసబెట్టి ముక్కలు కోస్తారు, అన్నిటికన్నా పెద్ద స్కూళ్లు డివిజన్ వన్. 2017 సీజన్ నుంచి ఆ అంకెకి ఇంకో అంకె కలుపుతున్నారు. దాన్ని కాంపిటిటివ్ బ్యాలెన్స్ అంటారు. జట్టులో ఉన్న ఒక్కొక్క పిల్లాడూ ఎక్కడి నుంచి వచ్చాడో చూసి టైర్ సున్నా, టైర్ ఒకటి, టైర్ రెండు అని పేరు పెడతారు (మొదటిసారి విన్నప్పుడు నేను కారు టైర్ల గురించే అనుకున్నా). పబ్లిక్ స్కూల్లో అయితే, తల్లిదండ్రులు ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌లోనే (అంటే ఆ బడి పరిధిలోనే) ఉండి, పిల్లాడు ఏడో తరగతి మొదలు అక్కడే చదువుతుంటే సున్నా. ఇల్లు డిస్ట్రిక్ట్‌లోనే ఉన్నా ఏడు మొదలయ్యాక వచ్చి చేరితే ఒకటి. ఇల్లే బయట ఉండి ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (బయటి పిల్లల్నీ చేర్చుకునే పద్ధతి) మీద వస్తే రెండు. ప్రైవేట్ స్కూళ్లకీ ఇలాంటిదే, కాకపోతే అక్కడ చూసేది పిల్లాడు ఏడో తరగతి నుంచీ ఆ స్కూల్‌కి అనుబంధంగా ఉన్న బడుల్లో చదివాడా లేదా అని. టైర్ పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది. ఆ మొత్తం స్కూల్ లెక్కకి కలుస్తుంది, ఎక్కువ కలిస్తే పై డివిజన్‌కి పోతారు.

మేం న్యూజెర్సీ నుంచి ఇక్కడికి వచ్చింది 2019 వేసవిలో. క్లయింట్ మారాడు, ప్రాజెక్ట్ మారింది, పెట్టేబేడా సర్దుకుని వచ్చేశాం. మావాడు అప్పుడు ఎనిమిదిలోకి వస్తున్నాడు. ఒక్క ఏడాది ముందొచ్చి ఉంటే వాడు సున్నా. ఇప్పుడు ఒకటి. ఫుట్‌బాల్ కోసం మేం ఊరు మారలేదు సరికదా, ఫుట్‌బాల్‌లో నాలుగు డౌన్లు (ప్రయత్నాలు) ఉంటాయని కూడా నాకు తెలియదు. కానీ లెక్క దృష్టిలో మా వీసా బతుకూ, పక్క కౌంటీ నుంచి క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే జట్టులో అసలు ఆటగాణ్ని, తెచ్చుకోవడమూ ఒకే గాటన కట్టేసినవే. మా జట్టులో టైర్ ఒకటి పిల్లలు పద్నాలుగు మంది. అందులో సగం మంది మనలాంటి, లేకపోతే సోమాలీ, నేపాలీ కుటుంబాల పిల్లలు. అథ్లెటిక్ డైరెక్టర్ బూస్టర్స్ (జట్టుకి సాయం చేసే తల్లిదండ్రులు) మీటింగ్‌లో ఆ కాగితం చూపించినప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది, కొంచెం కోపమూ వచ్చింది.

అయినా సరే, ఆ పద్ధతి వెనకున్న ఆలోచన మంచిదని నా నమ్మకం. కారణం, అది బోర్డు మీద పేరు చూడటం లేదు, జట్టులో పిల్లల్ని చూస్తోంది. ఇల్లినాయ్‌లో 2005 నుంచి సరిహద్దులు లేని స్కూళ్లలో (ఎక్కడి పిల్లల్నయినా చేర్చుకోగలిగేవి) పిల్లల సంఖ్యని 1.65తో గుణించడం మొదలుపెట్టారు. అలబామాలో అంతకుముందే 1999లో 1.35 పెట్టారు. అలా గంపగుత్తగా గుణిస్తే, రాష్ట్రమంతా వల వేసే పెద్ద క్యాథలిక్ స్కూలూ, పాతికమందితో ఎలాగో జట్టు నిలబెట్టుకునే చిన్న క్రిస్టియన్ స్కూలూ ఒక్కటే అయిపోతాయి. ఆ రెండో రకం స్కూళ్లని మీరు చూశారో లేదో. మా పక్క ఊళ్లో ఒకటుంది. వాళ్ల హోమ్‌కమింగ్‌కి (పాత విద్యార్థులు వచ్చే పండగ మ్యాచ్) బ్యాండ్ లేదు, స్పీకర్లో పాట పెట్టారు.

ఇక విడగొట్టడం గురించి. ఈ మాట ఇక్కడ కొత్తది కాదు. ప్రైవేట్ వాళ్లకి వేరే టోర్నమెంట్ పెట్టాలని 1978లో ఒకసారి, 1993లో ఇంకోసారి స్కూళ్ల చేత ఓట్లు వేయిస్తే రెండుసార్లూ వీగిపోయింది. ఇప్పుడున్న కాంపిటిటివ్ బ్యాలెన్స్ కూడా ఉత్తపుణ్యానికి రాలేదు. 2011, 2012, 2013లో ఇలాంటి ప్రతిపాదనలు వరసగా ఓడిపోయి, 2014లో నాలుగోసారి 411-323 ఓట్లతో నెగ్గింది.

పబ్లిక్ స్కూళ్లే ఎందుకు విడిపోవద్దనుకున్నాయి? దీనికి నా దగ్గరున్న జవాబు మాసిలన్. ఈశాన్య ఒహాయోలో ముప్ఫై వేల జనాభా ఉన్న ఊరు. అక్కడ మగపిల్లాడు పుడితే ఆసుపత్రిలోనే ఉయ్యాలలో చిన్న ఫుట్‌బాల్ పెడతారు. స్టేడియానికి పాల్ బ్రౌన్ పేరు, ఆయన ఆ ఊరివాడే, ఒకప్పుడు ఆ జట్టుకి కోచ్. పబ్లిక్ స్కూలే. ఒహాయోలో ప్లేఆఫ్స్ మొదలైంది 1972లో. అప్పట్నుంచి మాసిలన్ ఫైనల్‌కి వెళ్లడమూ ఓడడమూ: 1980లో సిన్సినాటి మోలర్ చేతిలో, 1982లో మళ్లీ మోలర్, 2005లో పిక్వా, 2018లో అక్రన్ హోబన్, 2019లో సిన్సినాటి లాసాల్, 2020లో మళ్లీ హోబన్. ఆరింటిలో పిక్వా ఒక్కటే పబ్లిక్, మిగతా అయిదూ క్యాథలిక్ స్కూళ్ల చేతిలో. విడగొట్టండని అరిచే హక్కు ఎవరికైనా ఉందంటే ముందు వాళ్లకే.

2023 నవంబర్ 30, గురువారం రాత్రి, క్యాంటన్‌లో డివిజన్ టూ ఫైనల్. మాసిలన్, హోబన్. మావాడి సీజన్ అప్పటికే అయిపోయింది, అది వాడి ఆఖరి ఏడాది కూడా. "నాన్నా, వెళ్దామా" అన్నాడు. ఆఫీసులో తలనొప్పి అని చెప్పి రెండు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాం. మాకు రెండు జట్లతోనూ చుట్టరికం లేదు. నా పక్కన కూర్చున్న ముసలాయన నారింజ రంగు టోపీ పెట్టుకున్నాడు, 1980 ఫైనల్‌కి కూడా వెళ్లాడట. నాలుగో క్వార్టర్‌లో ఆయన ఆట చూడటం మానేసి గడియారం చూస్తున్నాడు. చివరికి 7-2, మాసిలన్ గెలిచింది. ఒక టచ్‌డౌన్, దాని మీద ఒక కిక్, అవతల ఒక సేఫ్టీ (దానికి రెండు పాయింట్లు), అంతే స్కోరు. అందులో ఆ ఒక్క పాయింట్ కిక్ గురించి మావాడు వారం రోజులు చెప్పాడు, వాడి బాధ వాడిది. ముసలాయన మాత్రం అరవలేదు, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

విడగొట్టి ఉంటే మాసిలన్‌కి టైటిల్ ఎప్పుడో వచ్చేది. కానీ ఆ రాత్రి ఆ ముసలాయన మొహంలో నేను చూసింది మాత్రం వచ్చేది కాదు. ఇంకో తమాషా, ఆ రోజు మాసిలన్ కోచ్ నేట్ మూర్. 2014లో లాసాల్‌కి రాష్ట్ర టైటిల్ తెచ్చింది ఆయనే. ప్రైవేట్ స్కూల్‌లో గెలిచినాయనే వచ్చి పబ్లిక్ స్కూల్‌ని గెలిపించాడు. పైగా మాసిలన్‌కి ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ ఉంది, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు మాసిలన్ మీద వేసే నిందలు మనం క్యాథలిక్ స్కూళ్ల మీద వేసేవే. హోబన్ అయితే 2015, 16లో వరసగా డివిజన్ త్రీ గెలిచి, 2017లో డివిజన్ టూకి పోయి అక్కడా గెలిచింది. కొత్త లెక్క దానికి గట్టి పోటీ చూపించింది కాబట్టే 7-2 లాంటి రాత్రి వచ్చిందని నేననుకుంటాను.

పద్ధతిలో పెద్ద కన్నం ఒకటుంది. డివిజన్ వన్‌కి పైన ఇంకో మెట్టు లేదు. సిన్సినాటిలో మోలర్, సెయింట్ జేవియర్, ఎల్డర్ లాంటి మగపిల్లల స్కూళ్లు ఎలాగూ అక్కడే ఉన్నాయి. వాళ్ల జట్టులో టైర్ రెండు పిల్లలు పదిమంది ఉన్నా యాభైమంది ఉన్నా వాళ్లకేం కాదు. మోలర్ జెరీ ఫౌస్ట్ కాలంలో అయిదు టైటిళ్లు కొట్టింది, ఆ తర్వాత ఆయన 1981లో నేరుగా నోటర్‌డేమ్ యూనివర్సిటీకి కోచ్‌గా వెళ్లాడు. అలాంటి చోట కాగితం మీద కలిపే అంకెలు ఏం చేస్తాయి? మీ అబ్బాయి స్కూల్ డివిజన్ వన్‌లో ఉంటే మీ కోపంలో నిజముంది, దానికి నా దగ్గర మంచి జవాబు లేదు.

ఇప్పుడు కొంచెం చేదు మాట. ప్రైవేట్ వాళ్లు డబ్బుతో పిల్లల్ని ఏరుకుంటారు అంటాం. మనం ఇల్లు ఎలా కొన్నాం? స్కూల్ రేటింగ్ తొమ్మిదా పదా అని చూసి, పక్క డిస్ట్రిక్ట్‌లో అదే ఇల్లు లక్ష డాలర్లు తక్కువకి వస్తున్నా కాదనుకుని, ఇక్కడ కొన్నాం. మన ఫీజు మార్ట్‌గేజ్‌లో కలిసిపోయింది, అంతే తేడా. మా స్కూల్‌కి ఇండోర్ ప్రాక్టీస్ హాల్ ఉంది, వెయిట్ రూమ్ ఉంది, వేసవిలో కిక్కింగ్ క్యాంప్‌కి నేను ఆరువందల డాలర్లు కట్టగలిగాను. కొలంబస్ నగరం లోపల ఉన్న పబ్లిక్ స్కూల్ జట్టు మాతో ఆడటానికి వచ్చినప్పుడు వాళ్ల దృష్టిలో ప్రైవేట్ స్కూల్ మేమే. ఆ రోజు మేం 42 పాయింట్లతో గెలిచాం, అప్పుడు న్యాయం గురించి కార్లో ఎవరూ మాట్లాడలేదు.

అందుకే నాకు మిన్నెసోటా పద్ధతి నచ్చుతుంది. అక్కడ ఉచితంగానో తగ్గింపు ధరకో మధ్యాహ్న భోజనం తీసుకునే అర్హత ఉన్న పిల్లల సంఖ్యలో 40 శాతం తీసేసి స్కూల్ లెక్క కడతారు. బీద పిల్లలు ఎక్కువున్న స్కూల్ చిన్న డివిజన్‌కి దిగుతుంది. ప్రైవేటా పబ్లికా అన్న మాటే ఎత్తకుండా సగం సమస్య తీరుతుంది. అది లేకపోతే ఏమవుతుందో పెన్సిల్వేనియాలో చూడండి. పిట్స్‌బర్గ్ దగ్గర అలిక్విప్పా అనే ఊరు, ఉక్కు ఫ్యాక్టరీ మూతపడ్డాక కుంగిపోయిన ఊరు. మైక్ డిట్కా, టై లా, డారెల్ రెవిస్ చదివిన స్కూల్. పిల్లల సంఖ్య చూస్తే అట్టడుగు డివిజన్లలో ఉండాలి. గెలుపులూ ట్రాన్స్‌ఫర్లూ లెక్కేసే ఫార్ములా వాళ్లని పైపైకి నెట్టింది. 5ఏ అనే పై డివిజన్‌కి పొమ్మంటే 2024లో కోర్టుకెళ్లి ఆపుకున్నారు. ప్రైవేట్ స్కూళ్లని దృష్టిలో పెట్టుకుని అడిగిన ఫార్ములా వచ్చి పడింది బీద పబ్లిక్ స్కూల్ నెత్తిన.

విడిగా ఆడే రాష్ట్రాలు లేవా అంటే ఉన్నాయి. టెక్సస్‌లో ప్రైవేట్ స్కూళ్ల సంఘమే వేరు. డాలస్ జెస్యూట్, హ్యూస్టన్ స్ట్రేక్ జెస్యూట్ అనే రెండు మాత్రం 2003 నుంచి పబ్లిక్ వాళ్లతో ఆడుతున్నాయి, అదీ అందరికన్నా పెద్ద క్లాసులోనే ఆడాలనే షరతు మీద. టెనెసీలో 1997లో ఫీజు సాయం ఇచ్చే ప్రైవేట్ స్కూళ్లకి వేరే డివిజన్ పెట్టారు. ఆ ఏడాదే అక్కడ బ్రెంట్‌వుడ్ అకాడమీ కోచ్ తమ స్కూల్లో చేరబోతున్న ఎనిమిదో తరగతి పిల్లలకి స్ప్రింగ్ ప్రాక్టీస్‌కి రమ్మని ఉత్తరం రాసి, కింద "మీ కోచ్" అని సంతకం పెట్టాడు. అది పిల్లల్ని లాక్కోవడమేనని రాష్ట్ర స్కూల్ క్రీడల సంఘం జరిమానా వేసింది. ఆ ఉత్తరం మీద కేసు రెండుసార్లు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2007లో సంఘం పక్షాన తేలింది. పదేళ్లు, ఒక ఉత్తరం.

పదో తరగతి ఫలితాలు రాగానే మన ఊళ్లలో కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు టాపర్ల ఇంటికి స్వీట్ ప్యాకెట్‌తో వెళ్లడం చూసిన వాళ్లకి ఈ ఉత్తరం వింతేం కాదు. ఫీజు వద్దు, హాస్టల్ ఉచితం, మా దగ్గర చేర్చండి చాలు. రెండేళ్ల తర్వాత టీవీలో ఒకటి ఒకటి ఒకటి అని ర్యాంకులు. ఆ పక్కనే గవర్నమెంట్ జూనియర్ కాలేజీ లెక్చరర్ వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పి, ఎనభై శాతం పాస్ చేయించినా పేపర్లో రాదు. నేను చదివింది అలాంటి కాలేజీలోనే, అందుకే ఈ విషయంలో నా మనసు కొంచెం ఒక పక్కకి మొగ్గుతుందని ఒప్పుకుంటాను. గేటు దగ్గర ఎవర్నీ ఆపే హక్కు లేని బడినీ, ఆపగలిగే బడినీ ఒకే త్రాసులో తూచకూడదు. కానీ ఆ గేటు ప్రైవేట్ స్కూల్‌కే ఉంటుందనుకోవడం దగ్గరే మనం పొరపడుతున్నాం.

2023లో ఒహాయో ఎడ్‌చాయిస్ వోచర్‌ని (ప్రైవేట్ స్కూల్ ఫీజుకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు) అన్ని కుటుంబాలకీ తెరిచాక ఇది ఇంకా చిక్కుపడింది. ఆ ఏడాది హైస్కూల్ పిల్లాడికి పూర్తి వోచర్ 8,407 డాలర్లు, ఆదాయం పెరిగేకొద్దీ తగ్గుతుంది. మా వీధిలో ఒక తెలుగు అన్నయ్య వాళ్లబ్బాయి, మంచి ఒడ్డూ పొడుగూ, లైన్‌మన్, వోచర్ మీద క్యాథలిక్ స్కూల్‌కి మారిపోయాడు. "ఏంటన్నయ్యా ఇలా చేశావ్" అంటే, "నీ కొడుకు బంతి తంతాడు, నా కొడుకు దెబ్బలు తింటాడు. వెనక ఇంకో నలుగురు ఉన్నచోట ఆడితే మోకాళ్లయినా మిగుల్తాయి" అన్నాడు. నేనేం అనలేకపోయాను. పిక్కలు పట్టేసి కూలబడ్డ మా సెంటర్ గుర్తొచ్చాడు.

మీరూ అలా మార్చే ఆలోచనలో ఉంటే ఒక్కటి చూసుకోండి. ఇల్లు మారకుండా స్కూల్ మాత్రమే మారితే, మినహాయింపు దొరక్కపోతే, సీజన్ రెండో సగమూ ప్లేఆఫ్సూ ఆడనివ్వరు. ఆగస్టులో జెర్సీ వేసుకుని అక్టోబర్‌లో బెంచీ మీద కూర్చుంటే పిల్లాడికి చాలా కష్టంగా ఉంటుంది. ముందే అథ్లెటిక్ డైరెక్టర్‌ని కలిసి, రాతపూర్వకంగా అడగండి. జట్టు లెక్క కూడా అడగండి, మీ స్కూల్లో టైర్ ఒకటి, రెండు ఎంతమందో చూశాక మీ కోపం ఎటు తిరుగుతుందో మీకే తెలుస్తుంది.

మా అమ్మాయి పోయినేడు హైస్కూల్ వాలీబాల్‌లో చేరింది. టైర్ లెక్క కట్టే ఫామ్ మళ్లీ వచ్చింది. ఈ డిస్ట్రిక్ట్‌లో ఎప్పటి నుంచి చదువుతోంది అన్న గడిలో నాలుగో తరగతి అని రాశాను. అన్నకి ఫోన్ చేసి "నేను సున్నా, నువ్వే ఎక్స్‌ట్రా" అని ఏడిపిస్తోంది.